గుమ్మం మీది పాము

"ఆ పామును తీసేసేదాకా నా భార్య ఈ గుమ్మం తొక్కదు!" అన్నాడు పాస్టర్ హార్లన్, ట్రక్కు తలుపుకు అడ్డంగా నిలబడి.

నర్సు గ్లెన్నా తలెత్తి చూసింది. క్లినిక్ గుమ్మం మీద బోర్డు, బోర్డు మీద కర్రకు చుట్టుకున్న పాము. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఏ ఆసుపత్రికి పోయినా ఉండే బొమ్మే.

"అది వైద్యం గుర్తండీ పాస్టరు గారూ."

"గుర్తా? గ్రీకుల వైద్యదేవుడి కర్ర అది! కోర్టు ముందు చూస్తే కళ్లకు గంతలు కట్టుకున్న దేవత. బడిపిల్లల చొక్కాల మీద చూస్తే పిడుగు పట్టుకున్న దేవుడు. క్రైస్తవ దేశమని పేరే గానీ, ఎటు తిరిగినా అన్యదేవతలే. జబ్బు చేస్తే వాళ్ల కాళ్ల కిందనుంచి దూరి రావాలా మేము?"

ట్రక్కులో అతని భార్య ఓపల్ మెడదాకా దుప్పటి కప్పుకుని వాలిపోయి ఉంది. మొహం పాలిపోయి, చెమటలు కారిపోతున్నాయి.

"అసలు ఆవిడకేమైంది? పోనీ ట్రక్కులోనే చూస్తాను, జరగండి."

"ముందు ఆ పాము సంగతి చూడు సిస్టర్."

"కళ్లు తిరుగుతున్నాయి, హార్లన్..." అంది ఓపల్.

"కాస్త ఓర్చుకోవే. నీ ఆత్మ కోసమే కదా ఈ గొడవంతా." అన్నాడతను.

గ్లెన్నాకు ఒళ్లు మండిపోయింది. అవతల మనిషి ప్రాణం పోతుంటే ఈయనకు బొమ్మతో తగువు! వాదించే సమయమూ కాదు. లోపలికి పరిగెత్తి, గోడలకు వేయగా మిగిలిన తెల్లరంగు డబ్బా తెచ్చింది. నిచ్చెన హార్లనే పట్టుకున్నాడు.

"తోక మిగిలింది సిస్టర్. అదీ పోవాలి."

పళ్లు నూరుకుంటూ తోకకూ రంగు పూసింది.

"ప్రభువుకు స్తోత్రం!" అంటూ హార్లన్ భార్యను రెండు చేతులా ఎత్తుకుని లోపలికి ఉరికాడు. మంచం మీద పడుకోబెట్టగానే గ్లెన్నా దుప్పటి లాగేసింది. ఓపల్ కుడిచెయ్యి మోచేతిదాకా నల్లగా కమిలి, బూరెలా ఉబ్బిపోయింది. మణికట్టు మీద రెండు గాట్లు.

"అయ్యో దేవుడా, పాము కాటు! ఎలా కరిచిందండీ?"

"పొద్దున ఆరాధనలో, సిస్టర్. విశ్వాసులు పాముల్ని ఎత్తి పట్టుకుంటారని బైబిలు వాక్యంలో ఉంది కదా, ప్రతి ఆదివారంలాగే పెట్టెలోంచి తీసి చేత్తో పట్టుకుని పాడుతోంది. నువ్వేం అనుమానం పెట్టుకోకు, అది గ్రీకుల పాము కాదు, మన చర్చిదే!"