కుళాయి ఆవు

ధనంజయ కంప్యూటర్‌ను ఎత్తుకొచ్చేయాలని దేవరాజులు అనుకున్నది ఆ ఆవును చూసిన రోజే.

తిరుపతి బస్టాండు ఎదుట కొత్తగా తెరిచిన పాల అంగడి బోర్డు మీద నిలబడి ఉంది ఆవు. పొదుగు ఉండాల్సిన చోట ఇత్తడి కుళాయి. వీపు మీద చంద్రగిరి కోట, కోట మీద వెల్లకిలా నిద్రపోతున్న చేప. కింద ‘ధనంజయ, డిజిటల్ ఆర్ట్స్’ అని సంతకం.

కొన్నేళ్ళ కిందట ధనంజయ ఇదే ఆవును కుంచెతో వేస్తే జనం పడీపడీ నవ్వారు. “ఆవుకు కుళాయేందప్పా, మున్సిపాలిటీ ఆవా?” అన్నది దేవరాజులే. ఇద్దరూ ఒకే గురువు దగ్గర కలల్లాంటి బొమ్మలు నేర్చుకున్నవాళ్ళు. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో దేవరాజులు తన కుంచెలన్నీ ధనంజయకు ఇచ్చేసి, తానొక కంప్యూటర్ కొన్నాడు. మౌస్‌తో ఎన్ని తిప్పలు పడినా అతని చేప చెప్పులాగే వచ్చేది.

ఈ మధ్య ధనంజయ కూడా డిజిటల్ అని బోర్డు పెట్టాడు. అప్పుడు నవ్వినవాళ్ళే ఇప్పుడు వరస కట్టారు. దేవరాజులు తన అంగట్లో ఈగలు తోలుకుంటున్నాడు.

“వినాయక చవితి లోపల ఒక్క పనన్నా రాకుంటే అంగడి మూసెయ్. పుత్తూరులో మాయన్న బియ్యం అంగట్లో తూకం పట్టుకుందువు,” అంది భార్య పంకజాక్షి. తూకం పట్టిన చేయి మళ్ళీ బొమ్మ జోలికి రాదని దేవరాజులుకు భయం.

ధనంజయ తన కంప్యూటర్ గదిలోకి ఎవరినీ రానివ్వడు. “దుమ్ము పడితే చెడిపోతాదప్పా. చెప్పులిడిసి, గాజు తలుపు ఇవతల నుంచే సూడండి,” అంటాడు. జనం చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, మెరిసే నీలం తెరను చూసి వెళ్ళిపోతారు. దేవరాజులూ అలాగే చూశాడు. ఆ రోజు కరెంటు పోయి వీధిలో ఫ్యాన్లన్నీ ఆగిపోయినా ఆ తెర మాత్రం ఆరలేదు.

“ఏం సాఫ్ట్‌వేరప్పా అది? యాడ దొరుకుతాది?” అని అడిగాడు.

“నువ్విచ్చిందే గదబ్బా,” అన్నాడు ధనంజయ.

ఎగతాళి చేస్తున్నాడని దేవరాజులుకు ఒళ్ళు మండింది.

ఓ మధ్యాహ్నం ధనంజయ అన్నానికి ఇంటికి పోవడం చూసి, గోనెసంచి చంకలో పెట్టుకుని బయలుదేరాడు. తాళంచెవి కిటికీ మీద ఉంటుందని తెలుసు. గాజు తలుపు దగ్గర అలవాటుగా చెప్పులు విడిచాడు. లోపలికి దూరి, కళ్ళు మూసుకుని గురువును తలుచుకుని, మానిటర్ మీద రెండు చేతులూ వేసి లాగాడు.

రాలేదు. వేళ్ళు జారాయి. మళ్ళీ లాగాడు.

“దొంగతనానికొచ్చి కూడా చెప్పులిడిసినావే. మర్యాదస్తుడివప్పా.”

గుమ్మంలో ధనంజయ. దేవరాజులు చెప్పుల పక్కనే తన చెప్పులు విడుస్తున్నాడు.

దేవరాజులు గోనెసంచిని వెనక్కి దాచాడు. “ఇది లేకుంటే నేను బియ్యం తూచుకోవాల్సిందే ధనంజయా. నా మిషను నువ్వు తీసుకో. ఇది నాకిచ్చెయ్.”

ధనంజయ అతని వేళ్ళకంటిన నీలాన్ని చూసి నిట్టూర్చాడు.

“నువ్విచ్చిన కుంచెలతోనే పొద్దున పదిహేనించీల తెరను పదిహేడించీలు చేసినానప్పా, గోడ మీద రంగు ఇంకా ఆరలేదు.”