అయిదడుగుల తొట్టి

"ఫిల్టరు దగ్గర మాత్రం దుడ్డు మిగిల్చుకోవద్దు మేడమ్. మిగిల్చుకునేదానికి వేరే చానా ఉండాయి" అన్నాడు అమరనాథ్, కాగితం మీద మొదటి వరుస రాస్తూ.

ఎదుట స్టూలు మీద కూర్చున్న ప్రతిమ బాగేపల్లి కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది. ల్యాబులో మొక్కలతో నిండిన పెద్ద చేపల తొట్టి పెట్టడానికి కాలేజీ వాళ్ళు నలభై వేలు ఇచ్చారట. చింతామణిలోని ఈ చిన్న దుకాణాన్ని వెతుక్కుంటూ వచ్చింది.

అయిదడుగుల గాజుతొట్టి ఒకటి ఏడాదిగా ఆ దుకాణం మూలన పడి ఉంది. నెలాఖరులోగా అది అమ్ముడుపోకపోతే దుకాణం మూసేసి తనతోపాటు టమాటా మండీకి రావాలని అమరనాథ్ తండ్రి నరసింహప్ప గడువు పెట్టాడు. ఇక నాలుగు రోజులే ఉన్నాయి. పొద్దున దీపం పెట్టినప్పుడు అమరనాథ్ దేవుణ్ణి ఆ తొట్టి గురించే అడిగాడు. అంత చిన్న విషయం అడగవచ్చో లేదో అతనికి తెలియదు. అయినా అడిగాడు.

"మరి లైట్లు? నెట్లో చూస్తే ఒక్కటే పద్దెనిమిది వేలు చెప్తాండారు."

"అది వద్దు. కరెంటు సామాన్ల అంగట్లో యాభై వాట్ల ఫ్లడ్ లైట్లు రెండు తెచ్చుకోండి. మొక్కకు వెలుగు కావల్ల గానీ కంపెనీ పేరెందుకు?"

"మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టల్లంట కదా?"

"అది లేకుండా బతికే మొక్కలే ఇస్తాను. మెల్లగా పెరుగుతాయి, అంతే. మీ బోరునీళ్ళలో సున్నం ఎక్కువ. దాన్ని తట్టుకునేవే చూసిస్తాను. అడుగున పోసే మన్ను కూడా కొనొద్దు. చేనిలో ఎర్రమన్ను జల్లెడ పట్టి, పైన ఇసుక పోస్తే సరి."

"అన్నీ వద్దు వద్దంటే మీరు బతికేదెట్లా సార్?"

"మా నాయన కూడా రోజూ అదే అడుగుతాండాడు."

ప్రతిమ నవ్వింది. "మీ ఇంట్లో కూడా తొట్టి ఉందా? ఎవరు కడుగుతారు? మీ అమ్మా?"

"ఆమెకెందుకా పని? చేపలు నావి, నాచు నాది. నేనే కడుగుతాను."

మూలనున్న గాజుతొట్టి, ఇనుప స్టాండు, దాని మీద పరిచే థర్మోకోల్ షీటు, గాలి మోటారు కలుపుకుని లెక్క ముప్పై ఎనిమిది వేలకు వచ్చింది. ప్రతిమ పర్సు తెరిచింది.

అమరనాథ్ తొట్టి వైపు చూశాడు. నోరు మూసుకుంటే చాలు, దుకాణం నిలబడుతుంది. అయినా పెన్ను కింద పెట్టాడు.

"ఒక్క నిమిషం మేడమ్. నిరుడు దించేటప్పుడు ఆ తొట్టి వెనక మూలకు దెబ్బ తగిలింది. గమ్ము పెట్టి నేనే అతికించినాను. నిండా నీళ్ళు పోసి మాత్రం చూడలేదు. వారం రోజులు చూసినాకే దుడ్డియ్యండి."

వారమంటే తండ్రి పెట్టిన గడువు దాటిపోతుంది. ఆ మాట అతను చెప్పలేదు.

"నేను అడగలేదే. ఎందుకు చెప్పినారు?"

"పిల్లోళ్ళు తిరిగే ల్యాబు కదా. నాలుగు క్వింటాళ్ళ బరువు. పగిలితే?"

 ఆమె పదివేలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది అడ్వాన్సు. రసీదులో ఈరోజు తేదీనే వేయండి. ఇప్పుడే నీళ్ళు నింపండి. వారానికి కారకుంటే మిగిలింది ఇస్తా. కారితే మీరే ఇంకోటి చేసియ్యల్ల."

"చేసిస్తాను" అన్నాడు అమరనాథ్. రసీదు రాసిచ్చాడు. ఆమె మెట్లు దిగకముందే బకెట్టు అందుకుని కొళాయి దగ్గరికి పరుగెత్తాడు.

బస్టాండులో బాగేపల్లి బస్సు ఎక్కి కూర్చున్నాక ప్రతిమ తన తండ్రికి ఫోన్ చేసింది.

"ఏమమ్మా, పొయ్యిన పని అయ్యిందా?" అన్నాడాయన.

"చింతామణి నరసింహప్పోళ్ళను ఆదివారం పెండ్లిచూపులకు రమ్మను నాయనా."