తాతబ్బాయి వాంగ్మూలం

“ఈ ఆటో బోల్తా కొట్టిందనుకో, మనల్ని ఎవులు సూత్తారమ్మీ?” అంది తలుపులమ్మ, కశింకోట సెంటర్లో ఆటో ఇంకా కదలకముందే.

“ఇంకో ఇద్దరు ఎక్కితేగానీ కదలదమ్మా. బోల్తా తరవాత సంగతి,” అంది గంగాభవాని.

డ్రైవరు నవ్వేడు. తలుపులమ్మ నవ్వలేదు. ఆవిడ చూపంతా కూతురి ఒళ్ళో ఉన్న ఫైలు మీదే ఉంది.

హక్కుల కోసం పనిచేసే కుర్రకారుకి అనకాపల్లిలో నాయకత్వ శిక్షణ ఇస్తున్నారంటే, వారం రోజులుగా ఆ పిల్ల రోజూ వెళ్ళి వస్తోంది. రేపు ఆఖరి రోజు. ఒక్కొక్కరూ తమ ఊళ్ళో జరిగిన అన్యాయం ఒకటి ఎంచుకుని, అది తెలిసిన మనిషి చేత చెప్పించి రాసుకురావాలి. గంగాభవాని తన అన్న కన్నబాబు చావుని ఎంచుకుంది.

“ఇంకేటీ దొరకలేదేటి నీకు? రేసను బియ్యం గురించి రాయొచ్చు కదా.”

“దాని గురించి ఆరుగురు రాస్తన్నారు.”

“నువ్వు ఏడోదానివవ్వు. ఏడుగురున్నకాడ ఎవుళ్ళనీ ఏటీ సెయ్యరు.”

ఆటో కదిలింది.

నాలుగేళ్ళ కిందట కన్నబాబు కూడా ఇలాగే ఫైలు పట్టుకు తిరిగేడు. క్వారీ పేలుళ్ళకి ఇళ్ళు బీటలిస్తున్నాయని అర్జీ పెట్టేడు. చంపేస్తామని క్వారీవాళ్ళ దగ్గర్నుంచి కబురొస్తే కొండకర్లలో మేనమామ తాతబ్బాయి ఇంట్లో తలదాచుకున్నాడు. ఆ మూడు రోజులూ తలుపులమ్మ మెతుకు ముట్టలేదు. నా బిడ్డ జోలికి రావద్దని కనబడ్డవాళ్ళందరి కాళ్ళూ పట్టుకుంది. మూడో రోజు కారులో వచ్చినవాళ్ళు ఎవరినీ దారి అడగలేదు. సరాసరి తాతబ్బాయి తలుపే తట్టేరు. మర్నాడు శవం ఇంటికొచ్చింది.

ఏదో ఆశకి లొంగి మేనమామే చెప్పేసేడని ఊరంతా అనుకుంది. తాతబ్బాయి కాదనలేదు. తలుపులమ్మ మళ్ళీ తమ్ముడి గుమ్మం తొక్కలేదు. ఈవేళ గంగాభవాని ఆ గుమ్మానికే వెళ్తోంది.

“ఆటో ఆపించమ్మీ. ఎనక్కెళిపోదాం.”

“నిన్ను రమ్మనలేదు కదమ్మా. నేనొక్కదాన్నే వెళ్తానంటే నువ్వే ఎక్కేవు.”

“ఒక్కదాన్నెలాగొగ్గీమంటావు? ఆడూ ఒక్కడే ఎళ్ళేడు,” అంది తలుపులమ్మ. ఇక కొండకర్ల వచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది.

ఊరి సరస్సు, ఆవ గట్టు దగ్గర తాతబ్బాయి తన ఇంటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. అక్కని చూసి లేచి నిలబడ్డాడు. మనిషి సగానికి సగం చిక్కిపోయేడు.

“వచ్చేవా అప్పా. కూకో, మంచినీళ్ళు తెత్తాను.”

“నీళ్ళొద్దు మావయ్యా,” అంది గంగాభవాని, కాయితం తీసి. “ఒక్కటే అడుగుతాను. నువ్వు చెప్పింది రాసుకుని రేపు అందరిముందూ చదువుతాను.”

“సదివితే ఏటవుద్ది?”

“కేసు మళ్ళీ తెరిపించొచ్చని మాకు శిక్షణిచ్చే లాయరు మేడం చెప్పేరు. ముందు ఎవరో ఒకరు నిజం చెప్పాలట.”

“ఇంకేటి సెప్పింది మీ మేడం?”

“అడిగేక మనం నోరు మూసుకోవాలంది. ఎంతసేపైనా సరే.”

“మా అప్ప కడుపున పుట్టి అది కూడా నేర్సుకున్నావా,” అన్నాడు తాతబ్బాయి. నవ్వబోయి మానేసేడు.

“అన్నయ్య ఈ ఇంట్లో ఉన్నాడని వాళ్ళకి చెప్పిందెవరు మావయ్యా?”

తాతబ్బాయి వల పక్కన పెట్టేడు. గంగాభవాని పెన్ను పట్టుకుని కూర్చుంది. ఆవలో దోనె మీద ఎవరో వెళ్తున్నారు. దోనె తోసే గెడ నీళ్ళలో పడుతున్న చప్పుడు దూరమై, దూరమై, వినబడకుండా పోయింది. అరుగు మీద ఎండ గోడదాకా జరిగింది. అతను ఒక్కసారి అక్క వైపు చూసి తల దించుకున్నాడు.

“నా పేరు రాసేసుకో అమ్మీ,” అన్నాడు చివరికి.

గంగాభవాని కళ్ళు తుడుచుకుంది. కాయితం మోకాలి మీద సర్దుకుని రాయడం మొదలెట్టింది. సగం పేరు రాసేసరికి తల్లి చెయ్యి వచ్చి పెన్ను మీద పడింది.

“మాటాడి పంపించేత్తామంటే నేనే సెప్పేనమ్మీ.”