పొరపాటున వెళ్లిన కబురు

ఆమె బటన్ నొక్కి చెయ్యి తీసేలోపే బల్ల మీదున్న సొంత ఫోన్ మోగింది.

మోగాల్సింది అది కాదు. పక్కన వరసగా పేర్చిన నాలుగు టెస్ట్ ఫోన్లు మోగాలి. అవేమో మూగనోము పట్టినట్టు కూర్చున్నాయి. ఆమె సొంత ఫోన్ తెర మీద మాత్రం ఎర్రటి అక్షరాలు కనిపించాయి. ‘పెద్ద చెరువుకు గండి. దిగువ కాలనీ ఖాళీ...’

ఆ నాలుగు ముక్కలు చాలు. మిగతాది చదవనక్కర్లేదు, అరనిమిషం క్రితం రాసింది తనే. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

పేపరూ, టీవీ ఛానెలూ, ఫోన్ యాప్ అన్నీ ఉన్న వార్తాసంస్థ అది. ఆ యాప్‌లో లోపాలు వెతకడమే ఆమె ఉద్యోగం. ఆఫీసులో అందరూ ‘బగ్గులమ్మ’ అంటారు, ఎదురుగానే. విలేకరి ఎక్కడున్నా తన ఫోన్ నుంచే పాఠకులందరికీ అత్యవసర కబురు పంపే కొత్త సౌకర్యాన్ని కిందటి వారమే కొంతమంది చేతికిచ్చారు. దానికి మెరుగులు దిద్దుతుంటే ఈమె రోజూ పరీక్షిస్తోంది. పిచ్చిరాతలు రాసి పరీక్షిస్తే లోపాలు బయటపడవని, అచ్చం అసలు వార్తలాగే రాయాలని ఆమె పట్టుదల. మూడు రోజులుగా కుండపోతగా వాన. పైగా అక్క కాపురం దిగువ కాలనీలో. చేతికి అదే వచ్చింది, అదే రాసింది.

మేనేజర్ గదిలోకి తలుపు కూడా తట్టకుండా దూసుకెళ్లింది.

"సర్, నా టెస్ట్ వార్త బయటికి పోయింది."

"ఎంతమందికి?"

"అందరికీ. తొమ్మిది లక్షల ఫోన్లకి."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నీదేనని ఖాయమేనా? పంపినవాళ్ల పేరు కనిపించదా?"

"కనిపించదు సర్. అది చిన్న లోపమేలే, తర్వాత చూద్దామని నేనే పక్కన పెట్టాను. కానీ నేను నొక్కగానే వచ్చింది. మాటలూ నావే."

ఆయన న్యూస్ డెస్కుకి ఫోన్ చేశాడు. అక్కడ కూర్చున్నవాళ్లెవరూ అలాంటి వార్త పంపలేదన్నారు. ఆయన ఫోన్ పెట్టేశాడు.

"టెస్ట్ వార్త అసలు పాఠకులకి ఎలా పోతుందమ్మా?"

"పోతుందని రెండు నెలల క్రితమే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. రెండు ఫోన్లకి పోయింది కూడా. మళ్లీ కనిపించలేదు కదా అని మీరే మూసేశారు."

ఆమెకు ఇంకా దెప్పిపొడిచే ఓపిక లేదు. కిటికీలోంచి దిగువ కాలనీకి వెళ్లే వంతెన కనిపిస్తోంది. వానలో గొడుగులు కూడా లేకుండా జనం ఇవతలికి పరుగులు తీస్తున్నారు. ఒకడు ముసలామెను వీపున మోస్తున్నాడు. కార్లు ఒకదాని మీదొకటి ఎక్కేట్టున్నాయి. ఆ తొక్కిసలాటలో ఎవరైనా పడిపోతే? ఆ పాపం ఎవరిది?

"వెనక్కి తీసుకుందాం సర్, ఇప్పుడే."

"ఎడిటర్ ఒప్పుకోవాలి. ఫోన్ ఎత్తట్లేదు."

"ఆయన ఎత్తేదాకా ఆగితే ఆ వంతెన మీద ఎవరో ఒకరు పోతారు. మీ కాళ్లు పట్టుకుంటాను సర్. మీ పాస్‌వర్డ్ కొట్టండి. తప్పంతా నాదేనని రాసిస్తాను."

ఆయన క్షణం తటపటాయించి కొట్టాడు. ఆమె గబగబా రాసింది. ‘ఇంతకుముందు వచ్చిన హెచ్చరిక పొరపాటు. చెరువు క్షేమంగా ఉంది. ఎవరూ ఇళ్లు వదలొద్దు.’ పాత వార్త చెరిపేసి, దీన్ని తొమ్మిది లక్షల ఫోన్లకీ పంపింది.

ఆ వెంటనే అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, ఎక్కడున్నావ్?"

"వీధి మలుపులో ఉన్నానే. పిల్లని చంకనేసుకుని వచ్చేశా. మీ బావ ఫోన్ కలవట్లేదు. కాలనీ అంతా పరిగెడుతోంది."

"ఎక్కడికీ పోకు. అది అబద్ధం. టెస్ట్ కోసం నేనే రాశా, పొరపాటున బయటికొచ్చింది."

అక్క ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో అంది. "నీ అసాధ్యం కూలా. గుండె ఆగినంత పనైందే."

"తిట్టుకో అక్కా, ఎంతైనా తిట్టుకో. ముందు పిల్లని ఇంట్లోకి తీసుకెళ్లు. పక్కవాళ్లకీ చెప్పు."

"చెప్తాలే. నువ్వన్నావంటే నమ్ముతారు." ఫోన్ పెట్టకుండానే అక్క వీధిలోకి కేకేయడం వినిపించింది. "వెనక్కి వచ్చేయండి. మా చెల్లి ఆ ఆఫీసులోనే పనిచేస్తుంది. ఏమీ కాలేదట."

పది నిమిషాలకి వంతెన మీద రద్దీ పలచబడింది. ఆగినవాళ్లు ఆగారు, చాలామంది వెనుదిరిగారు. ముసలామెను మోసుకొచ్చినవాడు కూడా విసుక్కుంటూ తిరుగుముఖం పట్టినట్టే ఉంది. ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఉద్యోగం ఎలాగూ పోతుంది. పోనీ. ఒక్క ప్రాణమూ పోలేదు, అది చాలు.

"ఊరుకో అమ్మా," అన్నాడు మేనేజర్, మంచినీళ్ల గ్లాసు ఆమె ముందు పెడుతూ. "పైవాళ్లతో నేను మాట్లాడతాను. లోపం ముందే చెప్పావని నేనే ఒప్పుకుంటాను."

ఇంతలో ఆయన బల్ల మీద ఫోన్ మోగింది. ఎడిటరే అనుకుని, ఆమెకూ వినపడాలని స్పీకర్ నొక్కాడు. ఎడిటర్ కాదు, పొద్దున్నే వాన వార్తల కోసం వెళ్లిన విలేకరి. అవతల ఏదో హోరు, అతను గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"చెరువు కట్ట మీదే ఉన్నాను సార్, నేను పంపిన వార్త ఎందుకు తీసేశారు?"