చుక్కమ్మ వీపెక్కినవాళ్లు

చుక్కమ్మ గేదె కళ్లు తెరిస్తే చాలు, అడవిలో సగం ఆమె వీపెక్కేసేది. గోరింక పాట అందుకునేది, కప్ప వాన జోస్యం చెప్పేది, తొండ కొమ్ము మీద కొలువుదీరేది. ఈ గోలలో ఆమె లేచి మడుగు చేరేసరికి మిట్టమధ్యాహ్నమై నీళ్లు కాగిపోయేవి.

చెవిలో పిడుదులు ఏరే కొంగ ఒకరోజు అడిగేసింది. "పొద్దున్నే ఇంతమంది ఎందుకు వదినా? కావాల్సినప్పుడు పిలుచుకోరాదూ!"

చుక్కమ్మ ఒక్కసారి ఒళ్లు దులిపింది. "కొంగొక్కతే ఉంటుంది. మిగతావాళ్లు పిలిస్తే రండి!"

మర్నాడు తెల్లారకముందే మడుగులో బుడుంగున మునిగింది. అబ్బ, ఎంత చల్లన!

మూడోనాడు తొండ వచ్చి నిలదీసింది. "నన్నింకా పిలవలేదేం?"

"పిలుద్దామనే చూస్తున్నా తొండన్నా. ఇంతకీ నువ్వేం చేసేవాడివి?"

తొండ తలాడిస్తూ ఆలోచనలో పడింది. ఇప్పటికీ ఆడిస్తూనే ఉంది.