నాలుగో బ్రష్షు

పళ్ళు తోముకునే బ్రష్షు దగ్గర కూతురికి రావాల్సిన ఉద్యోగం పోయింది.

ఆ సాయంత్రం చెప్పులు కూడా విడవకుండా వచ్చి భోజనాల బల్ల ముందు కూర్చుంది. తండ్రి బడిలో లెక్కల మాస్టారు. దిద్దుతున్న పరీక్ష పేపర్లు ఆపి ఎర్ర పెన్నుకి మూత పెట్టాడు. తల్లి వంటగదిలోంచి గరిటతోనే వచ్చి నిలబడింది.

కన్సల్టింగ్ కంపెనీల ఇంటర్వ్యూల్లో ఏదో ఒక వస్తువు పేరు చెప్పి, దాని మార్కెట్ ఎంతో అంచనా కట్టమంటారు. అంకె కచ్చితంగా రానక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టి ఎలా చేరుకున్నారన్నదే చూస్తారు. ఇవాళ అడిగింది, ఈ ఊళ్ళో ఏడాదికి ఎన్ని బ్రష్షులు అమ్ముడవుతాయని. తమ ఇంట్లోలాగే ఇంటికి నలుగురు అనుకుని కూతురు చకచకా లెక్క కట్టుకుంటూ పోయింది. చివర్లో అడిగేవాళ్ళలో పెద్దాయన, మీ ఇంటితోనే సరిచూసుకోండి, కిందటిసారి ఎన్ని కొన్నారు అన్నాడు. ఆలోచించకుండా ఉన్నమాట చెప్పేసింది. మూడు.

"ఏమన్నాడో తెలుసా నాన్నా? మీ ఇంట్లో ఒకరు పళ్ళు తోముకోరా అన్నాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఆ తర్వాత నోట్లోంచి ఒక్క అంకె వస్తే ఒట్టు."

తల్లి ముఖం ఎర్రబడింది. కోట్లు తొడుక్కున్నంత మాత్రాన మర్యాద రాదని, ముక్కూ మొహం తెలియని పిల్లతో ఆ వేళాకోళమేమిటని, ఒకరింటి సంగతి వాళ్ళకెందుకని అంటూనే ఉంది.

మర్నాడు మరో కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. వచ్చిన పిలుపుల్లో అదే ఆఖరిది. తండ్రి పేపర్లు పక్కకు జరిపి, తనను ఆ పెద్దాయన అనుకోమన్నాడు.

"అదే ప్రశ్న. మొదలుపెట్టు."

"ఇంటికి నలుగురు."

"ఆధారం?"

"మన ఇల్లు."

"మన ఇల్లు వద్దమ్మా. ఊరి సగటు తీసుకో. నలుగురికి తక్కువే ఉంటుంది."

"నేను నలుగురే అంటాను."

తండ్రి ప్రశ్న మార్చాడు. గొడుగులన్నాడు, దువ్వెనలన్నాడు. చివరికి ఇంటికొకటే ఉండే తలుపు తాళాల గురించి అడిగినా, ఇంటికి నలుగురు కాబట్టి నాలుగు తాళంచెవులు అంటూనే మొదలుపెట్టింది. బడిలో మొండికేసిన పిల్లల్ని చూసినట్టు చూశాడాయన. ఈ పట్టు విడవకపోతే రేపూ అక్కడే ఆగిపోతావన్నాడు.

కూతురికి ఒళ్ళు మండింది.

"అసలు మూడే ఎందుకు తెచ్చావు నాన్నా?"

"మూడున్న ప్యాకెట్టు అది."

"నాలుగున్నది లేదా?"

తండ్రి పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఉంది. తమ్ముడిదింకా కొత్తగానే ఉంది కదా అని."

"మీకు లెక్కలు తప్ప ఇంకేం పట్టవు," అంది తల్లి.

పళ్ళు తోముతూ తోముతూ బ్రష్షు నమిలేసే అలవాటు వాడికి చిన్నప్పటి నుంచీ ఉందని, అందరికంటే ముందు కొత్తది తేవాల్సింది వాడికేనని గుర్తుచేసింది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరికి తెచ్చి ఒకరికి తేకపోవడం తన పుట్టింట్లోనూ ఎరగనంది. ఆయన తల వంచుకుని పేపర్ల అంచులు సరిచేశాడు. అది ఆమెకు మరింత కోపం తెప్పించింది. పొయ్యి కట్టేసి, పర్సు తీసుకుని, తలుపు ధడాలున వేసి వీధి చివరి దుకాణానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేటప్పటికి ఆమె చేతిలో ఒకే ఒక్క బ్రష్షుంది. నీలం రంగుది. దాన్ని కూతురి ముందు పెట్టింది.

"ఇప్పుడు నాలుగు. ఎవడడిగినా తలెత్తుకుని చెప్పు."

కూతురు వెన్ను నిటారు చేసుకుని తండ్రి వైపు తిరిగింది.

"ఇంటికి నలుగురు," అంది.

ఈసారి ఆయన ఆధారం అడగలేదు. కూతురు ఎక్కడా తడబడకుండా ఊరంతటి లెక్కా చెప్పి ముగించింది. చివరిదాకా విని, సరిపోయింది, రేపు ఇలాగే చెప్పమన్నాడు.

కొత్త బ్రష్షు పెట్టి వద్దామని కూతురు వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళింది. అద్దం కింది గ్లాసులో ముగ్గురి కొత్త బ్రష్షులూ ఉన్నాయి. వాటి మధ్య అంతకుముందటి నీలం బ్రష్షు. తండ్రి అన్నది నిజమే, దాని పోగు ఒక్కటీ వంగలేదు. గ్లాసు ఇరుకు. అది తీస్తే గానీ ఇది పట్టదు.

ఎంతకీ రాకపోయేసరికి తల్లీ తండ్రీ కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

"తియ్యవే," అంది తల్లి.

"నువ్వు తియ్యమ్మా."

తల్లి భర్త వైపు చూసింది. ఆయన చెయ్యి గ్లాసు దాకా వెళ్ళి, పక్కనున్న సబ్బు పెట్టెను సర్ది వెనక్కి వచ్చింది.

తమ్ముడు చనిపోయిన రోజు నుంచీ ఆ బ్రష్షును ఎవరూ తీయలేదు.