రోము లక్ష్మి

"ఈ వైపు రాజుగారు. తిప్పి చూడు నాయనా, ఆ వైపు అమ్మవారు."

అమెరికాలో, ఇర్వింగ్‌లోని నగల షాపు కౌంటర్ మీద బంగారు నాణెం పెట్టి అన్నాడు ముసలాయన. పేరు దత్తాత్రేయ అని చెప్పుకున్నాడు.

యజమాని జితేందర్ భూతద్దంలోంచి చూశాడు. ఒక చేత పండ్లు పొంగిపొర్లే కొమ్ము, ఇంకో చేత ఓడ చుక్కాని పట్టుకుని నిలబడి ఉంది దేవత.

"ఎవరు సార్ ఈమె?"

"రోము వాళ్ళ లక్ష్మి. రెండువేల ఏళ్ళ కిందట మన నేతబట్ట కొనడానికి ఓడెక్కి వచ్చింది. మనవాళ్ళు బట్ట ఇచ్చి, అమ్మవారిని అట్టేపెట్టేసుకున్నారు."

జితేందర్ పూసంత బంగారమైనా తూచకుండా నమ్మడు. కథలైతే మాత్రం తూకం లేకుండానే కొనేస్తాడు. నాణేన్ని ముందు కళ్ళకద్దుకుని, తర్వాత త్రాసు అందుకోబోయాడు.

అంతలో ముసుగువాడొకడు దూసుకొచ్చాడు. మూల కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్న జితేందర్ కూతురు దియ మెడ పట్టుకుని తుపాకీ పెట్టాడు.

"లాకర్ ఓపెన్ చెయ్."

జితేందర్ లాకర్ మీటలు నొక్కాడు. నంబరు తప్పింది. మళ్ళీ తప్పింది.

"లాక్ అయిపోయింది సార్. కాసేపు ఆగితే గానీ తెరుచుకోదు. నిజం, సార్."

తుపాకీ కణతకు నొక్కుకుంది. "డాడీ," అంది దియ, వినీ వినపడనట్టు.

"అటు కాదు బాబూ, ఇటు చూడు," అన్నాడు దత్తాత్రేయ. ఆయన ఇంగ్లీషు కూడా తెలుగంత తీరుబడిగా ఉంది. "లాకర్లో నగలు అమ్మబోతే దొరికిపోతావు. ఇది రోము బంగారం. ఈ షాపంతా దీనికి దిగదుడుపు."

"అబద్ధం."

"అయితే నన్ను కాల్చు. పిల్లను వదిలి రా, చూపిస్తాను."

దొంగ దియను వదిలేశాడు. తుపాకీ ముసలాయన గుండెలవైపు తిరిగింది. ఆయన రాజును చూపించాడు, అమ్మవారిని చూపించాడు, ఆమెను మళ్ళీ ఓడెక్కించాడు. గొంతు ఎక్కడా తొణకలేదు.

బయట ఎక్కడో సైరన్ మోగింది. దొంగ నాణెం లాక్కుని పరుగెత్తాడు.

జితేందర్ ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "బాబాయిగారూ, దాని ఖరీదెంతైనా ఇచ్చుకుంటాను."

"పిల్లకు దిష్టి తీశామనుకో. దిష్టి తీసి పారేసినదానికి వెల కడతారటయ్యా?"

దియ తల నిమిరి, పోలీసులు వచ్చేలోపే వెళ్ళిపోయాడు.

మర్నాడు వేరే ఊరి డిటెక్టివ్ ఒకతను ఫోటో పట్టుకుని వచ్చాడు.

"ఈయన్ని చూశారా?"

జితేందర్ ముఖం వెలిగింది. నోరు తెరవబోయాడు.

"ఇత్తడికి పూత వేసి రోము నాణేలని అమ్ముతాడు. చాలా షాపులు మునిగాయి," అన్నాడు డిటెక్టివ్.

జితేందర్ మూల కూర్చున్న దియ వైపు ఒకసారి చూసి, ఫోటో తిరిగి ఇచ్చేస్తూ అన్నాడు: "మాకెవరూ ఏమీ అమ్మలేదు సార్."